తీసేసినా భయం లేదు

ఫిబ్రవరి 3

కొత్త వెర్షన్ వచ్చిందని కంప్యూటర్ చెప్పింది. "ఇప్పుడు వీలు కాకపోతే సరే, రేపు గుర్తుచేస్తాను" అంది.

మా ఆవిడ వాక్యం. పదకొండేళ్ళు సాయంత్రాలు కూర్చుని, ఎవరూ అడక్కుండానే, ఈ సిస్టమ్ మాట్లాడే మాటలన్నీ తెలుగులోకి తెచ్చింది. తనలాంటివాళ్ళు మరో పదిమంది ఉండేవారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. "ఎవరూ కొనక్కర్లేనిది, ఎవరైనా విప్పి చూడగలిగేది, మన ఇంట్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడకపోతే ఎలా?" అనేది.

తను పోయి నాలుగు నెలలు. నాలుగు నెలలుగా నేను "రేపు" నొక్కుతున్నాను. నేను పనిచేసే పరీక్షల ల్యాబ్‌లో ఉన్న రెండు కంప్యూటర్లలోనూ ఇదే సిస్టమ్. తనే ఎక్కించింది. ల్యాబ్ నడిపే డాక్టరమ్మని ఒప్పించింది నేను. రికార్డులు చూసేవాణ్ణి కాబట్టి వాటి బాగోగులూ నావే. అక్కడా "రేపే".

కొత్త వెర్షన్‌లో తన వాక్యాలు ఎవరో మార్చారట. అందుకే.

ఫిబ్రవరి 4

ల్యాబ్‌లో పెద్ద కంప్యూటర్: డిస్క్ 86 శాతం నిండింది.

ఫిబ్రవరి 8

బావమరిది వచ్చాడు. తన తమ్ముడు. కంప్యూటర్ షాపు. డబ్బిచ్చి కొనాల్సిన సిస్టమ్‌లు ఆఫీసులకి అమ్ముతాడు, చెడిపోతే బాగుచేస్తాడు. వచ్చీరాగానే మొదలుపెట్టాడు.

"ఇంకా దీంతోనేనా బావా? ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం మీ దంపతులు."

"మీ అక్క వింటే చెవి మెలేసేది."

"వింటూండగానే అనేవాణ్ణిగా. మెలేసేది కూడా." చెవి తడుముకున్నాడు. "నిజం చెప్పు. కొన్నదాంట్లో తేడా వస్తే ఒకణ్ణి పట్టుకుని అడగొచ్చు. దీంట్లో ఎవర్ని అడుగుతావ్?"

"ఎవరేం రాశారో మొత్తం కనిపిస్తుందిరా ఇందులో. పదిమంది చూస్తారు."

"పదిమందిలో పాము చావదు బావా. ఎవడో ఒకడు చూస్తాడులే అని అందరూ పడుకుంటారు."

"మరి నువ్వు అమ్మేదాంట్లో?"

"అందులో ఎవడికీ ఏమీ కనపడదు. కాబట్టి అందరికీ ప్రశాంతత." వాడి జోకుకి వాడే నవ్వాడు.

ల్యాబ్‌ని తన సిస్టమ్‌కి మార్చమని డాక్టరమ్మకి చెప్పమన్నాడు. చూద్దామన్నాను. వెళ్ళేముందు కప్పు కడిగి బోర్లించాడు, పిడి గోడవైపు వచ్చేలా. ఆ ఇంట్లో అందరూ అంతే.

ఫిబ్రవరి 11

మార్పుల జాబితా తెరిచాను. తెరవకూడదనుకున్నాను.

ఏ రోజు, ఏ నిమిషాన, ఎవరు ఏ వాక్యం మార్చారో వరసగా ఉంది. "చీపురుపుల్ల" అని పేరు పెట్టుకున్న మనిషెవరో. ఆడో మగో తెలీదు. నాలుగు వందల పైచిలుకు ఊడ్చేశారు. "తీసెయ్యి" ఉన్నచోట "తొలగించు". "ఆగండి, చెప్తాను" ఉన్నచోట "దయచేసి వేచి ఉండండి". "అయ్యో, ఈ ఫైలు తెరుచుకోవట్లేదు" అన్నదాంట్లో అయ్యో ఎగిరిపోయింది. ఒక్క అయ్యో ఉంటే వీళ్ళ సొమ్మేం పోయింది?

చివరి పేజీలో ఒకదానికి ఎర్రగుర్తు. "రెండు వాక్యాలు తారుమారయ్యాయి. చాలా ప్రమాదం. సరిచేశాను. అందరూ వెంటనే కొత్త వెర్షన్‌కి మారండి."

ఆ రెండూ చదివాను. డిస్క్ నిండినప్పుడు సిస్టమ్ కొన్ని ఫైళ్ళు చూపించి, ఇవి తీసెయ్యనా అని అడుగుతుంది. వాటికి వేరేచోట నకలు ఉంటే చెప్పాల్సింది: "ఇవి ఇంకోచోట భద్రంగా ఉన్నాయి. ఇక్కడ తీసేసినా భయం లేదు." నకలు లేకపోతే చెప్పాల్సింది: "ఇవి ఇంకెక్కడా లేవు. పోతే మళ్ళీ రావు. ఒక్కక్షణం ఆలోచించండి."

ఒకదాని గడిలో ఇంకొకటి పడింది. నకలు లేనివాటికి భయం లేదంటోంది.

తన పేరు మీదే ఉంది. సెప్టెంబరు 18. అప్పటికి ఆస్పత్రిలో చేరి వారం. మందుల మత్తు. దాన్ని తప్పు అనకూడదు.

ఫిబ్రవరి 12

ల్యాబ్‌లో మైక్రోస్కోప్‌కి డిసెంబరులో కొత్త కెమెరా వచ్చింది. స్లైడ్ల ఫొటోలు పెద్ద కంప్యూటర్‌లో కొత్త ఫోల్డర్‌లో పడుతున్నాయి. పాత ఫోల్డర్లకి రోజూ రెండో కంప్యూటర్‌లోకి నకలు వెళ్తుంది. అది తను పెట్టిన ఏర్పాటు. కొత్త ఫోల్డర్‌ని అందులో చేర్చడం నాకు రాలేదు. ఎవర్నీ అడగలేదు.

అంటే ఆ ఫొటోలు ఇంకెక్కడా లేవు.

డిస్క్ 95 దాటితే అడుగుతుంది. ఇవాళ 89.

పెద్ద డిస్క్ కొనమని డాక్టరమ్మకి చెప్పొచ్చు. ఎందుకంత తొందర అంటుంది. కొత్త వెర్షన్ ఎక్కించొచ్చు. ఎక్కిస్తే నాలుగు వందలూ పోతాయి. ఫలానా వాక్యం తప్పు అని అందరికీ చెప్పొచ్చు. తను చివరగా చేసిన పని అది.

ఫిబ్రవరి 13

పెద్ద కంప్యూటర్ మీద కాయితం అంటించాను. "ఏ మెసేజ్ వచ్చినా నన్ను పిలవండి."

రంగులక్క చూసింది. స్లైడ్లకి రంగులు వేసేది ఆవిడే, ఇరవయ్యారేళ్ళుగా. వేళ్ళు ఎప్పుడూ గులాబీరంగులో, గోళ్ళ చివర్లు ఊదాగా ఉంటాయి. అందుకే ఆ పేరు. ఫొటోలు తీసేదీ ఆవిడే.

"కంప్యూటర్‌కి నుదుటి మీద పట్టీ ఏంటి తమ్ముడూ, జ్వరమొచ్చిందా?"

"ఏదైనా అడిగితే నన్ను పిలవక్కా. నువ్వు నొక్కకు."

"నన్నేం చదువురాని దానిలా చూస్తావ్? మరదలు రాసింది నాకు చక్కగా అర్థమవుతుంది. మా అబ్బాయి కొన్నదాంట్లో తెలుగు చూశా, కోర్టు నోటీసులా ఉంది. ఇదైతే పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది."

"అందుకే పిలవమంటున్నాను."

"అర్థమవుతుందని పిలవాలా?"

నేను రికార్డుల గదిలోకి వెళ్ళిపోయాను.

ఫిబ్రవరి 16

91.

ఫిబ్రవరి 17

పాత రిపోర్టులు, నకళ్ళు ఉన్నవి, నేనే తీసేశాను. 88కి దిగింది. ఇంటికి నడిచి వచ్చాను. దారిలో ఆకలి వేసింది. చాలారోజుల తర్వాత.

ఇక ఫర్వాలేదు.

ఫిబ్రవరి 19

92. కొత్త కెమెరా ఫొటోలు ఒక్కొక్కటీ ఇంత బరువుంటాయని తెలీదు.

ఫిబ్రవరి 20

94. శుక్రవారం. ఎవరూ నొక్కరు. కాయితం ఉంది. సోమవారం ఏదో ఒకటి చేస్తాను.

ఫిబ్రవరి 23

సెలవు పెట్టాను. ఒంట్లో బాగోలేదు.

పదకొండింటికి రంగులక్క ఫోన్. రెండుసార్లు మోగింది. స్నానంలో ఉన్నాను.

ఫిబ్రవరి 24

స్నానంలో లేను.

కుర్చీలో కూర్చున్నాను, ఫోన్ ఎదురుగా బల్లమీద ఉంది. ఆవిడ పేరు చూశాను. ఎందుకు చేస్తోందో తెలుసు. ఎత్తితే ఆ వాక్యం నమ్మకక్కా అని చెప్పాలి. మోగడం ఆగేదాకా చూశాను. రెండోసారి కూడా.

పొద్దున ల్యాబ్‌కి వెళ్ళేసరికి రంగులక్క గుమ్మంలోనే ఉంది.

"ఎక్కడ చచ్చావు తమ్ముడూ? రెండుసార్లు చేశా. సర్జన్ మనిషి బయట నిలబడి తొందరపెడుతున్నాడు, ఫొటో తీద్దామంటే చోటు లేదంది. తీసెయ్యనా అనడిగింది. చదివా. ఇంకోచోట భద్రంగా ఉన్నాయి, ఇక్కడ తీసేసినా భయం లేదంది. అంత ధైర్యం చెప్తుంటే ఇంకెందుకాగుతా? తీసేశా. ఇప్పుడేమో ఆ ఇంకోచోటు ఎక్కడుందో కనపడట్లేదు."

డిసెంబరు నుంచి తీసినవన్నీ. రెండు వందల ముప్ఫై ఒక్కమందివి.

స్లైడ్లు పెట్టెల్లో ఉన్నాయి. మళ్ళీ ఫొటోలు తీయొచ్చు. ఇద్దరం సాయంత్రందాకా పెట్టెలు దించాం. రెండు వందల ముప్ఫైమందివి దొరికాయి.

ఒకరివి దొరకవు. ఒక బడి టీచర్, యాభై ఏళ్ళు, మెడ మీద ఎడమవైపు గడ్డ. సూదితో తీసిన కాస్త కణజాలం, రెండే స్లైడ్లు. జనవరిలో పెట్టె జారి రెండూ పగిలాయి. ఫొటోలు ఉన్నాయిగా అనుకున్నాం. గురువారం ఆపరేషన్ చెయ్యాలా వద్దా అన్నది సర్జన్ ఆ ఫొటోలు చూసి తేల్చాలి.

ఫిబ్రవరి 25

డాక్టరమ్మ బావమరిదిని పిలిపించింది. పోయినవి తిరిగొస్తాయేమోనని రెండు గంటలు కూర్చున్నాడు.

"రావు మేడమ్. చెరిపిన చోటే కొత్త ఫొటోలు ఎక్కాయి."

డాక్టరమ్మ రంగులక్కవైపు తిరిగింది. "చదవకుండా నొక్కారా?"

"చదివే నొక్కానమ్మా. భయం లేదని రాసుంది."

"తీసేసినా భయం లేదని ఏ కంప్యూటరైనా చెప్తుందా?"

బావమరిది అన్నాడు: "చెప్పదు మేడమ్. కంగారులో ఒకటి చదవబోయి ఇంకొకటి చదివుంటారు. అయినా అది కాదు. ఈ ఫ్రీ సిస్టమ్‌కి జవాబు చెప్పే నాథుడు లేడు. మార్చేద్దాం."

"సిస్టమ్ మారుస్తాను. ఈవిణ్ణి కూడా. రేపు ఉత్తరం ఇస్తాను."

రంగులక్క సింకు దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంది. ఆ రంగు ఎంత కడిగినా పోదు, ఆవిడకి తెలుసు. కడుగుతూనే ఉంది. తర్వాత నావైపు చూసింది.

"నువ్వు చెప్పు తమ్ముడూ. అలా రాసుంటుందా, ఉండదా?"

"చూడాలక్కా" అన్నాను.

చూడాలన్నాను.

టీచర్‌గారి ఆపరేషన్ వాయిదా వేశారు. మళ్ళీ సూది వెయ్యాలి.

ఫిబ్రవరి 26

సెప్టెంబరు 18, ఉదయం 11.40. జాబితాలో నిమిషంతో సహా ఉంది. పదకొండో తారీఖునే చూశాను. ఇక్కడ రాయలేదు.

పదకొండు నలభైకి తను స్కాన్ గదిలో ఉంది.

చేతికి సూదులు, టైపు చెయ్యలేకపోయేది. మిగిలిన ముప్ఫై వాక్యాలు కాయితం మీద మెల్లగా, రెండు రోజులు పట్టి రాసి నాకిచ్చింది. "ఇవి ఎక్కిస్తే నా వంతు అయిపోతుంది" అంది. కారిడార్‌లో కుర్చీలో కూర్చుని ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని ఎక్కించాను. మధ్యలో నర్సు పిలిచి ఏదో సంతకం పెట్టమంది. ఏమిటని చదివాను. ఆపరేషన్‌లో ఏమైనా అయితే మాకు సంబంధం లేదని. పెట్టాను. తిరిగొచ్చి కూర్చున్నప్పుడు ఏ వరస దగ్గర ఆపానో నాకు గుర్తులేదు. ఏదో ఒకదాని దగ్గర మొదలుపెట్టాను.

తనని బయటికి తెచ్చారు. స్ట్రెచర్ మీదనుంచే అడిగింది. "మళ్ళీ చదివి సరిచూశారా?"

"చూశాను."

"అన్నీనా?"

"అన్నీ."

కళ్ళు మూసుకుంది. పదకొండేళ్ళలో తను స్వయంగా సరిచూడకుండా తన పేరు మీద వెళ్ళినవి ఆ ముప్ఫైయే. నా మాట నమ్మి.

ఆ కాయితం అలమరలో ఉంది, మందుల చీటీల కింద. ఇవాళ తీశాను. పదిహేడోదీ పద్దెనిమిదోదీ ఎక్కడుండాల్సినవి అక్కడే ఉన్నాయి. అక్షరాలు కాస్త వాలాయి, అంతే. తను ఏ తప్పూ చెయ్యలేదు.

ఈ పదిహేను రోజులూ తన పని కాపాడుతున్నానని రాసుకుంటూ వచ్చాను. వెనక్కి తిప్పి చదివితే చాలా నమ్మేలా ఉంది.

రంగులక్కకి ఉత్తరం ఇవాళ ఇచ్చారు. నేను రికార్డుల గదిలో కూర్చున్నాను.

ఫిబ్రవరి 27

తొమ్మిదింటికి డాక్టరమ్మ గదికి వెళ్ళాను. రంగులక్కని కూడా రమ్మన్నాను. బావమరిది కొత్త సిస్టమ్ ఖర్చు లెక్కలకని అక్కడే ఉన్నాడు. ఉండకపోతే బాగుండుననుకున్నాను.  మొదటి మాట రెండుసార్లు అనాల్సి వచ్చింది.

జాబితా చూపించాను. తన చేతిరాత కాయితం బల్లమీద పెట్టాను.

"రంగులక్క చదివింది నిజం. అలాగే రాసుంది. రాసింది నేను."

డాక్టరమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "ఇది తప్పని మీకెప్పుడు తెలిసింది?"

"పదకొండో తారీఖున."

"సోమవారానికి పన్నెండు రోజులు."

"అవును."

"ఈవిడ ఫోన్ చేసినప్పుడు?"

"మోగడం విన్నాను."

రంగులక్క నావైపు చూసింది. ఆవిణ్ణి అప్పుడు చూసినంత భయంగా ఎవర్నీ చూడలేదు నేను, ఆస్పత్రిలో కూడా.

బావమరిది కాయితం తీసుకున్నాడు. చదవట్లేదు, రాత మీద వేలు పోనిచ్చాడు. "అక్క రాతే." కాసేపటికి, "మొన్న ఈవిడ కంగారుపడిందన్నాను. తప్పు మీది కాదమ్మా" అన్నాడు రంగులక్కతో. తర్వాత నాతో: "అక్క తప్పనుకుని దాచావా బావా?"

"మీ అక్కది కాదని మొదట్నుంచీ తెలుసు."

వాడు కాయితం మళ్ళీ బల్లమీద పెట్టాడు. నేనే అన్నాను: "నువ్వు అమ్మేదాంట్లో అయితే ఇది ఎవరి తప్పో ఎన్నటికీ బయటపడేది కాదురా. అక్కమీదే ఉండిపోయేది."

"దీంట్లో బయటపడింది. ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళు దిద్దారు కూడా. ఊరికే. గుమ్మందాకా తెచ్చిపెట్టారు. నువ్వు తలుపు తియ్యలేదు." గొంతు పెంచకుండా అన్నాడు. "వాదన ఎవరు గెలిచినట్టు బావా?"

"మీ వాదన బయట పెట్టుకోండి" అంది డాక్టరమ్మ. "కొన్నదైనా ఊరికే వచ్చినదైనా దాని ముందు ఒక మనిషి కూర్చోవాలి. ఇకనుంచి ఆ మనిషి మీరు కాదు. ఉన్న సిస్టమ్ ఉండనివ్వండి, కొత్త వెర్షన్ ఇవాళే ఎక్కించండి. ఆ తర్వాత వాటిని ముట్టుకోవద్దు. టీచర్‌గారికి ఫోన్ కూడా మీరే చెయ్యండి. ఎందుకో మొత్తం చెప్పండి."

ఉత్తరం వెనక్కి తీసుకుంది.

నాలుగింటికి మొదలుపెట్టాను. బావమరిది వెళ్ళిపోలేదు, పక్కన నిలబడ్డాడు. కొత్త ఫోల్డర్‌కి నకలు వెళ్ళే ఏర్పాటు వాడే చేశాడు, ఐదు నిమిషాల్లో. తర్వాత నేను నొక్కాను. మొదట "ఆగండి, చెప్తాను" అంది. సగంలో స్క్రీన్ ఒకసారి నల్లబడి, "దయచేసి వేచి ఉండండి" అంది.

వేచి ఉన్నాం.

వెళ్ళేటప్పుడు రంగులక్క తలుపు తాళం పట్టుకుని ఉంది. "మీ పనైపోయిందా అండీ?" అంది.

ఇన్నేళ్ళలో నన్ను అండీ అనడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 28

టీచర్‌గారికి ఫోన్ చేశాను. భర్త ఎత్తాడు. మళ్ళీ సూది వెయ్యాలన్నాను.  "సోమవారం వస్తాం. కారణం మీరే మా ఆవిడకి ఎదురుగా చెప్పండి" అన్నాడు.

మార్చి 2

పదింటికి వచ్చారు. ఆయన ఆవిడ సంచి రెండు చేతులతో పట్టుకున్నాడు. నాకూ అలాగే ఉండేది. దించడానికి చోటున్నా దించబుద్ధి కాదు.

గదిలో ఆవిడ మంచం అంచున కూర్చుంది. మెడకి చున్నీ. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను చెప్పాను. వరస తప్పడం, దిద్దుబాటు రానివ్వకపోవడం, ఫోన్ మోగడం. ఎంత పొట్టిగా చెప్దామనుకున్నా ఏదీ వదలడానికి కుదర్లేదు.

ఆవిడ బడిలో విన్నట్టే విన్నది. చివరికి అడిగింది.

"రాశాక చదువుకోలేదా?"

"చదివానని చెప్పాను."

"ఎవరికి?"

"మా ఆవిడకి."

"ఆవిడేమంది?"

"నమ్మిందండీ. అక్టోబరులో పోయింది."

ఆయన సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఆవిడ మెడ దగ్గర చున్నీ సర్దుకుంది.

"నాకు కోపం తగ్గలేదు" అంది. "తగ్గిందనుకోకండి."

"అనుకోవట్లేదండీ."

"సూదంటే నాకు చచ్చే భయం. పిల్లలకి టీకాలేస్తుంటే కూడా బయటికెళ్ళిపోతాను. గాజుపలకల మీద పేరు రాసేది ఎవరు?"

"రంగులక్క. మా టెక్నీషియన్."

"మీరు కాదుగా?"

"కాదండీ. పైకి మోసుకెళ్ళడం మాత్రం నేనే."

రంగులక్కని వెంటబెట్టుకుని డాక్టరమ్మ వచ్చింది. నన్ను వెళ్ళమనలేదు. టీచర్ గోడవైపు తల తిప్పి ఆయన వేళ్ళు పట్టుకుంది. సూది లోపలికి వెళ్ళినప్పుడు చిన్న శబ్దం చేసింది, అంతే. డాక్టరమ్మ పలకల మీద పరిచింది. ఈసారి నాలుగు. రంగులక్క పేరు రాసింది, ఎడమ అని రాసింది, తేదీ వేసింది, ట్రేలో పెట్టి మూత పెట్టకుండా నా ముందు జరిపింది. 

నాలుగూ చూశాను. పేరు. ఎడమ. తేదీ. మళ్ళీ మొదటిదాన్నుంచి.

"ఏంటి అన్నిసార్లు?" అంది ఆవిడ, మెడకి దూది అదుముకుంటూ. "తేడా ఉందా?"

"లేదండీ."

"ఉంటే ఇప్పుడే చెప్పండి."

"లేదు."

మూత పెట్టి రెండు చేతులా పట్టుకున్నాను. ల్యాబ్ పై అంతస్తు. లిఫ్ట్ ఎక్కలేదు. మెట్లు ముప్ఫై ఆరు. మధ్యలో ఎవరో ఎదురొచ్చారు, గోడకి అతుక్కుని నిలబడి వాళ్ళు దాటాక మళ్ళీ ఎక్కాను. వెనకాల రంగులక్క చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, రెండు మెట్ల దూరంలో. నేను ఆగితే అదీ ఆగుతోంది.